ఎదకాలం – వేటకాలం: భారతీయ వేట చరిత్రలో జింకల సంచారం, నిషేధకాల భావన

వ్యాససంగ్రహం

జతకట్టే కాలంలో మగజింకల సంచారం పెరుగుతుంది, జాగ్రత్త తగ్గుతుంది. వేట ఒత్తిడి అదే సంచారాన్ని చీకటివేళలకూ దట్టమైన పొదలకూ నెడుతుంది. ఒకే జంతువుపై ఏకకాలంలో పనిచేసే ఈ రెండు బలాలను వేట చరిత్ర రచన తగినంతగా పరిగణించలేదు. దీమం వేట, 1879 నాటి నీలగిరి వేటజంతు సంరక్షణ చట్టం, 1912, 1972 చట్టాలు ఆధారంగా ఈ వ్యాసం రెండు విషయాలను ప్రతిపాదిస్తుంది. మొదటిది: వేటకాలాన్ని నిర్ణయించడంలో జింకల పునరుత్పత్తి కన్నా వేటగాడి అవసరాలకే ఎక్కువ ప్రాధాన్యం దక్కింది. రెండవది: ఎదకాలంలో రాసిన వేట వివరాలు జింకల సంఖ్యకు నేరు సాక్ష్యాలు కావు. అవి జింకలు కనబడిన తీరుకు మాత్రమే సాక్ష్యాలు.

కీలకపదాలు: వేట, ఎదకాలం, నిషేధకాలం, చుక్కల దుప్పి, కణితి, కృష్ణజింక, దీమం, నీలగిరి చట్టం.

1. ప్రవేశిక

మహాభారతం ఆదిపర్వంలో పాండురాజు వేటకు వెళ్ళి, జతకట్టి ఉన్న జింకల జంటను బాణాలతో కొడతాడు. ఆ మగజింక రూపంలో ఉన్నవాడు కిందముడనే ముని. మృగాలను వధించడం రాజులకు ధర్మమేనని పాండురాజు వాదిస్తాడు. జింకను చంపినందుకు తాను నిందించడం లేదని, సంగమ సమయం ముగిసేదాకా ఆగకపోవడమే అపరాధమని ముని బదులిస్తాడు. పదకొండవ శతాబ్దిలో నన్నయ ఆదిపర్వాన్ని తెనిగించడంతో ఈ కథ తెలుగు సాహిత్యంలోనూ స్థిరపడింది.

ఈ సంవాదాన్ని సాధారణంగా శాపకథగానే చదువుతాం. వేట చరిత్ర దృష్టితో చూస్తే ఇందులో స్పష్టమైన న్యాయసూత్రం కనిపిస్తుంది. వేట మొత్తంగా నిషిద్ధం కాదు, ఒక సమయంలో చేసిన వేట నిషిద్ధం. ఆధునిక చట్టాల్లోని నిషేధకాల భావనకు మూలమైన ఆలోచన కూడా ఇదే. అయితే చట్టం పంచాంగంపై ఒక గీత గీయాలి. జింక ఆ గీతను ఎరుగదు. ఈ రెండింటి మధ్య ఏర్పడిన ఎడమే ఈ వ్యాసానికి విషయం.

పదాల విషయంలో ఒక వివరణ అవసరం. శాస్త్రరీత్యా కొమ్ములు రాల్చి మళ్ళీ పెంచుకునే చుక్కల దుప్పి, కణితి (సాంబారు), బారసింగా ఒక కుటుంబానికి చెందినవి. కొమ్ములు రాల్చని కృష్ణజింక వేరొక కుటుంబానికి చెందినది. తెలుగు వాడుకలోనూ వేట గ్రంథాల్లోనూ ఇవన్నీ 'జింక' అనే మాట కిందికే వస్తాయి కనుక ఈ వ్యాసం కూడా వాటిని కలిపే చర్చిస్తుంది. 'ఎద' అనే మాట ఆడజంతువు స్థితిని తెలిపేదే అయినా, ఇక్కడ 'ఎదకాలం' అన్నప్పుడు ఇరుజాతుల జతకట్టే కాలాన్ని ఉద్దేశించడమైనది.

2. ఎదకాలపు సంచారం

సమశీతోష్ణ దేశాల్లోని ఎర్రజింకకు ఎదకాలం చిన్నది. స్కాట్లండులో అది ప్రధానంగా సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు చివరి వరకు ఉంటుంది. ఆ కొద్ది వారాల్లో మగజింక మేత దాదాపు మానేసి, అరుస్తూ, ఆడజింకల గుంపును కాపాడుకుంటూ బరువు బాగా కోల్పోతుంది. పిల్లలు మే, జూన్ నెలల్లో పుడతాయి. చలికాలం అక్కడ పునరుత్పత్తికి కఠినమైన హద్దు గీసింది.

భారతదేశంలో స్థితి వేరు. జార్జ్ షాలర్ 1963–65 మధ్య మధ్యప్రదేశ్‌లోని కన్హాలో పరిశోధించి 1967లో ప్రకటించిన 'ది డీర్ అండ్ ది టైగర్' గ్రంథం ఈ భేదాన్ని స్పష్టం చేసింది. అక్కడ చుక్కల దుప్పుల ఎద వేసవిలో ఉచ్ఛదశకు చేరుతుంది. కణితికి నవంబరు, డిసెంబరు నెలలు, బారసింగాకు డిసెంబరు, జనవరి నెలలు ముఖ్యమైనవి. చుక్కల దుప్పుల్లో మగవన్నీ ఒకేసారి కొమ్ములు రాల్చవు. ఒకే మందలో గట్టి కొమ్ములున్న పోతులూ, నూగుచర్మం కప్పిన లేతకొమ్ముల పోతులూ పక్కపక్కనే కనిపిస్తాయి. సంవత్సరంలో దాదాపు ఏ నెలలోనైనా జతకట్టగల పోతు మందలో ఉంటుంది. కృష్ణజింకల్లోనూ ఈతలు ఏడాది పొడవునా కనిపిస్తాయి.

ఈ కాలంలో మగజంతువు ప్రవర్తన మూడు విధాల మారుతుంది. ఆడవాటిని వెదుకుతూ ఎక్కువ దూరం తిరుగుతుంది. అరుపుతో, చెట్ల బెరడుపై కొమ్ముల రాపిడితో, బురదగుంటల్లో పొర్లాటతో తన ఉనికిని ప్రకటిస్తుంది. ప్రత్యర్థిపై దృష్టి నిలిపి పరిసరాలపై అప్రమత్తతను తగ్గించుకుంటుంది. కృష్ణజింక పోతు మరో మార్గం అనుసరిస్తుంది. బయలు నేలలో చిన్న మేరను తనదిగా చేసుకుని దానిని విడిచి వెళ్ళదు. ఒకటి ఎక్కువగా తిరగడం వల్ల, మరొకటి ఒకేచోట నిలవడం వల్ల వేటగాడికి దొరుకుతాయి. సంతానం కోసం అవసరమైన ప్రవర్తనే ప్రాణానికి ముప్పుగా మారుతుంది.

3. దీమం: ఎదను ఎరగా మలచిన వేట

ఈ సూక్ష్మం ఆధునిక శాస్త్రం కనుగొన్నది కాదు. ఇతర మృగాలను ఆకర్షించేందుకు వేటలో వాడే పెంపుడు మృగానికి, పక్షికి తెలుగులో 'దీమం' అనే ప్రత్యేక పదం ఉంది. ఒక పద్ధతికి ప్రత్యేకమైన పేరు నిలిచిందంటే అది సమాజానికి పరిచితమైన విద్య అని భావించవచ్చు. అబుల్ ఫజల్ 'ఐన్-ఇ-అక్బరీ'లో జింకతో జింకను పట్టే పద్ధతిని వర్ణించాడు. శిక్షణ పొందిన మగజింక కొమ్ములకు వల కట్టి అడవిజింక వైపు వదులుతారు. అడవిజింక పోరుకు దిగగానే దాని కొమ్ములు వలలో చిక్కుకుంటాయి.

ఇక్కడ ఎర మేత కాదు, నీరు కాదు. తన మేరలోకి మరొక పోతు వచ్చిందన్న రోషమే ఎర. ఈ వేట ఎదకాలపు ప్రవర్తనపైనే ఆధారపడింది. కిందముని సంవాదం ఏ సమయాన్ని నిషిద్ధమన్నదో, దీమం వేట ఆ సమయపు ఉద్వేగాన్నే సాధనంగా చేసుకుంది. ధర్మచింతనా వేటవిద్యా ఒకే జ్ఞానం నుంచి బయలుదేరి ఎదురెదురు దిక్కులకు సాగాయి.

పాలకుని ఆజ్ఞగా వేటను తగ్గించిన తొలి శాసనాధారాలు తెలుగునేలపైనే కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉన్నాయి. అక్కడి అశోకుని శిలాశాసనాల్లో మొదటిది రాజుగారి వంటశాలలో వధను రెండు నెమళ్ళకు, ఒక జింకకు పరిమితం చేస్తూ, ఆ జింక కూడా నిత్యం కాదంటుంది. ఎనిమిదవ శాసనం వేటతో కూడిన విహారయాత్రల స్థానంలో ధర్మయాత్రలు వచ్చాయని చెబుతుంది. ఉత్తరాదిన ఉన్న అయిదవ స్తంభశాసనం మరికొంత ముందుకు వెళ్ళి, చూలుతో ఉన్నవీ పాలిచ్చేవీ అయిన మేకలు, గొర్రెలు, పందులను, ఆరునెలలు నిండని వాటి పిల్లలను వధించరాదంటుంది. కొన్ని తిథులలో ఏనుగుల వనాల్లోని జీవులను చంపడాన్నీ నిషేధిస్తుంది. పునరుత్పత్తి స్థితి, తిథి అనే రెండు ప్రమాణాలూ ఇందులో కనిపిస్తాయి. కానీ అవి వేర్వేరుగా ఉన్నాయి. చూలు ప్రమాణం పెంపుడు జంతువులకు వర్తించింది. తిథి ప్రమాణం పుణ్యకాలాన్ని అనుసరించింది, మృగాల ఈతను కాదు.

4. నిషేధకాలం: ఇంగ్లండు నుంచి నీలగిరులకు

నిషేధకాలమనే భావనను వలసపాలన బ్రిటన్ నుంచి తెచ్చిందనడం సాధారణ అవగాహన. ఆ మాతృకనే కొంత పరిశీలించాలి. మధ్యయుగపు ఇంగ్లండు అటవీన్యాయంలో 'ఫెన్స్ మంత్' అనే వ్యవధి ఉండేది. జూన్ నడుమ వచ్చే పర్వదినానికి అటూ ఇటూ పదిహేనేసి రోజులు, ఆడజింకలు ఈనే కాలంలో, అడవిలో అలజడి ఉండకూడదని దాని ఉద్దేశం. మగజింకల వేట జూన్ చివర మొదలై సెప్టెంబరు 14తో ముగిసేది. దీనివల్ల ఎదకాలానికి ముందే వేట ఆగిపోయేది. అయితే ఈ కాలనిర్ణయంలో మాంసం నాణ్యతకూ పాత్ర ఉంది. వేసవి మేతతో కొవ్వు పట్టిన మగజింకే విలువైన వేట. ఎద మొదలయ్యాక దాని మాంసం వెగటువాసన వేస్తుంది.

స్కాట్లండులో జింకల నిషేధకాలం ఆధునిక చట్టంగా వచ్చింది 1959లో, ఇంగ్లండులో 1963లో. 1959 చట్టానుసారం స్కాట్లండులో మగ ఎర్రజింకకు రక్షణ అక్టోబరు 21న మొదలయ్యేది. అంటే ఎదకాలంలో అధికభాగం వేటకు తెరిచే ఉండేది. 2023లో మగజింకలకు ఆ నిషేధకాలాన్ని పూర్తిగా తొలగించారు. నిషేధకాలం ఎదను కాపాడేందుకే పుట్టిందన్న భావన దాని స్వదేశంలోనే పూర్తిగా నిలవదు.

మద్రాసు రాష్ట్రంలో 1879 నాటి రెండవ చట్టం నీలగిరి జిల్లాలో వేటజంతువులకు, బయటినుంచి తెచ్చి పెంచిన చేపలకు రక్షణ కల్పించింది. దీని వెనుక 1877లో ఏర్పడిన నీలగిరి గేమ్ అసోసియేషన్ ఒత్తిడి ఉంది. చట్టంలోని 'వేటజంతువు' నిర్వచనంలో అడవిదున్న, కణితి, నీలగిరి వరయాడు, అన్నిరకాల జింకలు, కుందేలు, అడవికోడి, నెమలి మొదలైనవి ఒకే వరుసలో ఉన్నాయి. అప్పటి దొరలు 'అడవిగొర్రె' అని పిలిచిన మొరిగే జింకకూ అందులో చోటుంది. ఏయే నెలల్లో వేటాడరాదో చట్టం స్వయంగా చెప్పలేదు. ఆ అధికారాన్ని ప్రభుత్వ ప్రకటనకు వదిలింది.

ఇందులో రెండు అంశాలు గమనార్హం. పునరుత్పత్తి క్రమం వేర్వేరుగా ఉన్న జంతువులను 'వేటజంతువు' అనే ఒకే వర్గంలో చేర్చారు. ఆ వర్గానికి జీవశాస్త్రపరమైన ఏకత్వం లేదు. వేటగాడి అభిరుచి ఒక్కటే దాన్ని కలిపి ఉంచుతుంది. రెండవది, నీలగిరులలో తరతరాలుగా వేటాడిన స్థానిక సమాజాల కాలజ్ఞానం ఈ నిర్ణయంలోకి రాలేదు. వారి వేట చట్టం దృష్టిలో దొంగవేటగా మారింది.

వేటకాలాన్ని ఆచరణలో శాసించిన అంశాలు మరో రెండు ఉన్నాయి. ఒకటి అధికారుల శీతాకాలపు విడిదులు. క్రిస్మస్ సెలవుల వేట వలసపాలనలో స్థిరపడిన ఆచారం. మధ్యభారతంలో కణితి, బారసింగా జతకట్టే నెలలు అవే. పచ్చికబయళ్ళలోకి వచ్చి అరిచే బారసింగా పోతు ఆ నెలల్లో తుపాకికి సులభ లక్ష్యం. 1938లో కన్హా ప్రాంతంలో మూడువేలుగా అంచనా వేసిన బారసింగాలు 1970 నాటికి 66కు పడిపోయాయి. ఈ క్షీణతకు పచ్చికబయళ్ళ నష్టం, పశువుల రోగాలు వంటి కారణాలూ ఉన్నాయి కనుక వేటనే ఏకైక హేతువుగా చూపలేం. అయినా ఎదకాలపు వేట ఆ కారణాల జాబితాలో చేరదగినదే.

రెండవ అంశం కొమ్ములు. గోడకు తగిలించే జ్ఞాపికకు లేతకొమ్ములు పనికిరావు. గట్టిపడి నూగుచర్మం రాలిన కొమ్ములే కావాలి. దుప్పుల్లో గట్టికొమ్ములున్న స్థితీ జతకట్టే సామర్థ్యమున్న స్థితీ ఒకే దేహధర్మానికి రెండు ముఖాలు. కనుక జ్ఞాపిక కోసం చేసే వేట, ఏ నెలలో జరిగినా, జతకట్టేందుకు సిద్ధంగా ఉన్న పోతులనే ఏరి తీస్తుంది.

5. 1912 నుంచి 1991 వరకు

1912 నాటి అడవిపక్షుల, జంతువుల సంరక్షణ చట్టం బ్రిటిష్ ఇండియాకు వర్తించింది. దాని జాబితాలో జింకలు ఉన్నాయి. సంవత్సరమంతటినీ లేదా అందులో కొంతభాగాన్నీ నిషేధకాలంగా ప్రకటించే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు దక్కింది. ఆస్తిరక్షణ కోసం చేసిన వధకు మినహాయింపు ఉంది. పంట చేతికొచ్చే వేళ పొలంలోకి వచ్చిన జింక ఏ నెలలోనైనా ఈ మినహాయింపు కిందికి రావచ్చు. హైదరాబాదు సంస్థానం ఈ చట్టం పరిధికి వెలుపల ఉండేది. అక్కడ కాలనియమం కన్నా స్థలనియమం ప్రధానమైంది. పాలకుని వేటకు ప్రత్యేకించిన అడవుల్లోకి ఇతరులకు ప్రవేశం లేదు. మెదక్ ప్రాంతంలోని పోచారం, హైదరాబాదు శివారులోని వనస్థలి అలాంటివే. మొదటిది 1952లో అభయారణ్యమైంది. రెండవది 1975లో కృష్ణజింకల రక్షణకు కేటాయించబడింది.

ఆదివాసుల వేటను ఇదే ప్రమాణంతో తూచలేం. నల్లమల చెంచులపై హైమెండార్ఫ్ 1943లో ప్రకటించిన గ్రంథాన్ని బట్టి వారి ఆహారానికి ప్రధాన ఆధారం దుంపలు, కాయల సేకరణే. విశాఖ మన్యంలో చైత్రమాసపు ఇటుకల పండుగకు పురుషులు కలిసి వేటకు వెళ్ళే ఆచారం ఉంది. కన్హాలో చుక్కల దుప్పుల ఎద ఉద్ధృతమయ్యే కాలానికి చైత్రం దగ్గరిదే. కానీ ఒకచోటి లెక్కను మరోచోటికి నేరుగా అన్వయించరాదు. పండుగవేట కొద్దిరోజులకు పరిమితమైన ఒత్తిడి, లైసెన్సువేట నెలల తరబడి సాగే ఒత్తిడి అన్న భేదాన్ని కూడా గుర్తుంచుకోవాలి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తొలిరూపంలో లైసెన్సువేటను పూర్తిగా రద్దు చేయలేదు. నిషేధకాలం ప్రకటించే అధికారాన్ని నిలుపుకుంది. ప్రత్యేక అనుమతి లేకుండా పిల్లలను, ఆడజంతువులను, నూగుచర్మపు కొమ్ములున్న దుప్పులను వేటాడరాదన్నది. ఈ నిబంధన దయతో కూడినదే. కానీ దాని తర్కాన్ని తిరగేసి చూస్తే, వేటకు మిగిలింది గట్టికొమ్ముల మగదుప్పి మాత్రమే, అంటే జతకట్టేందుకు సిద్ధమైన పోతే. ఆడదాన్ని కాపాడితే సంతతి నిలుస్తుందన్న లెక్క ఇందులో ఉంది. ఉత్తరదేశాల గిట్టజంతువులపై జరిగిన పరిశోధనలు ఈ లెక్కకు హద్దులున్నాయని సూచించాయి. ముదురు మగవి తగ్గిన మందల్లో జతకట్టడం ఆలస్యమై, ఈతలు వెనుకబడే సందర్భాలు నమోదయ్యాయి. 1991 సవరణ లైసెన్సువేటతో పాటు ఈ నిబంధనలన్నింటినీ తొలగించింది. పంచాంగంపై గీసిన గీత అలా చట్టం నుంచి తప్పుకుంది.

6. జింకల ప్రతిస్పందన: వేట రచనలను చదివే పద్ధతి

ఇంతవరకు వేటగాడి కాలాన్ని చూశాం. జింక కూడా తన కాలాన్ని మార్చుకుంటుంది. 62 జాతుల క్షీరదాలపై జరిగిన 76 అధ్యయనాలను క్రోడీకరించి 2018లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన, మానవ అలజడి ఉన్నచోట జంతువుల రాత్రిసంచారం సగటున 1.36 రెట్లు పెరిగిందని తేల్చింది. ప్రమాదం పగటిదైతే మేత, నీరు, సంగమం రాత్రికి జరుగుతాయి. జంతువు బయలు విడిచి పొదను ఆశ్రయిస్తుంది. వేటలేని మేర సమీపంలో ఉంటే అక్కడికి చేరుతుంది.

ఎదకాలంలో ఈ ప్రతిస్పందన సంక్లిష్టమవుతుంది. వేట భయం మగజింకను దాగమంటుంది, ఎద దానిని తిరగమంటుంది. ఆడజింకలు పొద విడవకపోతే వాటిని వెదికే పోతుల దారులూ పొదల వెంబడే సాగుతాయి. కనుక ఒత్తిడి ఉన్న అడవిలో ఎదకాలపు సంచారం ఆగిపోకుండానే మనిషి కంటికి కనబడకుండా పోవచ్చు.

చరిత్ర పరిశోధకుడికి ఇది నేరుగా సంబంధించిన సమస్య. డగ్లస్ హామిల్టన్ 'రికార్డ్స్ ఆఫ్ స్పోర్ట్ ఇన్ సదరన్ ఇండియా' (1892) మొదలుకొని అనేక వేట గ్రంథాలను నాటి జంతుసంపదకు ఆధారాలుగా వాడుతున్నాం. ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఒక వేటగాడు తొలిసారి డిసెంబరులో ఒక లోయకు వెళ్ళి, ఉదయం వేళ పది కణితులను చూశానని రాస్తాడు. పదేళ్ళ తరువాత ఏప్రిల్‌లో వెళ్ళి రెండే కనబడ్డాయని రాస్తాడు. ఈ భేదం క్షీణతకు గుర్తు కావచ్చు. ఎదకాలం కాకపోవడం వల్ల కావచ్చు. పదేళ్ళ తుపాకి మోతతో కణితులు చీకటికి మళ్ళడం వల్లనూ కావచ్చు. కణితి సహజంగానే మునిమాపు, రాత్రి వేళల్లో తిరిగే జంతువు కనుక మూడవ కారణాన్ని నిర్ధారించడం మరింత కష్టం. లోయను విడిచిన జింకకూ, చనిపోయిన జింకకూ, పొదలో నిలిచిన జింకకూ వేటగాడి దినచర్యలో ఒకటే వాక్యం మిగులుతుంది: కనబడలేదు.

అందువల్ల వేట రచనలను ఆధారంగా తీసుకునేటప్పుడు నాలుగు అంశాలను విడివిడిగా నమోదు చేయాలని ఈ వ్యాసం సూచిస్తుంది.

ఒకటి, నెల, కొమ్ముల స్థితి. రచయిత ఎదను పేర్కొనకపోయినా కొమ్ముల వర్ణన దానిని సూచిస్తుంది.

రెండు, వేళ. ఉదయం కనబడినవీ, రాత్రి నీటిమడుగు వద్ద కనబడినవీ ఒకే లెక్కలో చేరవు.

మూడు, పద్ధతి. మంచెపై కాచిన వేటకు తిరిగే జంతువు దొరుకుతుంది. డప్పులతో తోలిన వేటకు దాగిన జంతువు దొరుకుతుంది. రెండవ పద్ధతిపై ఆధారపడడం పెరిగితే, జింకలు దాగడం నేర్చాయనడానికి అదొక పరోక్ష సూచన కావచ్చు.

నాలుగు, ఆ స్థలంలో అంతకుముందు జరిగిన వేట. రాజుల ప్రత్యేక అడవుల్లో నెలల తరబడి నిశ్శబ్దం, తరువాత కొద్దిరోజుల తీవ్రవేట ఉంటాయి. అక్కడ పగటిపూట నిర్భయంగా తిరిగిన మందల సంఖ్యను, నిత్యం అలజడి ఉన్న పక్క అడవితో పోల్చి సమృద్ధిని నిర్ణయించడం పొరపాటు.

7. ముగింపు

ఒక అభయారణ్యంలో జింకల సంఖ్య 'పూర్వస్థితికి' చేరిందా లేదా అని నిర్ణయించేటప్పుడు ఆ పూర్వస్థితిని మనం తరచు వేట గ్రంథాల నుంచే తెచ్చుకుంటున్నాం. ఎదకాలంలో బయలుకు వచ్చిన పోతులను చూసి రాసిన సంఖ్య నిజానికన్నా ఎక్కువ సమృద్ధిని చూపవచ్చు. వేటకు బెదిరి చీకటికి మళ్ళిన మందలను చూడలేక రాసిన సంఖ్య నిజానికన్నా ఎక్కువ క్షీణతను చూపవచ్చు. ఈ రెండు పొరపాట్లూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయని భావించడానికి ఆధారం లేదు.

కిందముడు పాండురాజును ఆగమని మాత్రమే కోరాడు. ఆ ఆగవలసిన సమయం ఏదో కళ్ళెదుట ఉన్న జింకలే చెప్పాయి. తరువాతి చట్టాలు దానిని నెలలలోకి, తిథులలోకి, కొమ్ముల కొలతలలోకి మార్చాయి. ఆ మార్పుల్లో మాంసం రుచి, సెలవుల తేదీలు, గోడపై జ్ఞాపిక చోటు చేసుకున్నంతగా జింకల ఈతకాలం చోటు చేసుకోలేదు. జిల్లా గెజిటీర్లు, సంస్థానాల దఫ్తరాలు, అటవీశాఖ వార్షిక నివేదికలలో ఉన్న వేట వివరాలను పైన చెప్పిన నాలుగు ప్రమాణాలతో తిరిగి చదివితే, తెలుగు ప్రాంతాల వన్యప్రాణి చరిత్రకు మరింత నమ్మదగిన పునాది ఏర్పడుతుంది.